వలస కూలీల రక్షణ చట్టములు: కోరంగి రేవు మొదలు నేటి దాక

2009 వ సంవత్సరమున మన మారిషస్ శాసనసభ మానవుల అక్రమ రవాణాను అరికట్టుటకు ఒక చట్టము చేసినది. దాని పేరు మన సభ్యులలో చాలమంది విని యుందురు. అయినను అది మన కుటుంబముల కథకు సంబంధించినదని తలచినవారు అరుదు. అది పరదేశములనుండి మోసపోయి వచ్చు అబలల కొఱకును, పోలీసు శాఖవారి కొఱకును, న్యాయవాదుల కొఱకును చేయబడినదని మనము అనుకొనుట సహజమే. కాని ఆ చట్టమునందలి ముఖ్యమైన మాటల వెనుక నూట డెబ్బది యేండ్ల అనుభవము కలదు. ఆ అనుభవములో గొప్ప భాగము ఈ దీవియందే, మన తాతముత్తాతల బ్రదుకుల మీదనే సంపాదింపబడినది. ఆ కథను మొదటినుండి చెప్పుకొనుట అవసరమని తోచి ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

కూలీల ఓడలకంటె ముందే తెలుగు తీరమునుండి మనుష్యులను ఓడలలో ఎక్కించుట జరిగినది. ఈ దీవి ఫ్రెంచివారి యధీనములో నున్న కాలమున వంగదేశమునుండియు, కోరమండల తీరమునుండియు తేబడిన బానిసలు వేలకొలదిగా ఇచ్చట నుండిరి. కఱవు కాలమున బిడ్డలను కొని, ఎత్తుకొని పోయి, రేవులలో అమ్ముట ఆ వ్యాపారమునందు వాడుక. 1789 లో కారన్‌వాలిసు ప్రభువు హిందూదేశీయులను బానిసలుగా విదేశములకు పంపుట నేరమని ప్రకటించెను. మనుష్య విక్రయమునకు గుఱి యగువారిని కాపాడుటకై కుంపిణీ ప్రభుత్వము చేసిన తొలి ప్రకటనలలో నిది యొకటి. అది ఎంతవఱకు అమలు జరిగినదనునది వేఱు మాట. రేవులలో కావలివాడు లేని నిషేధము కాగితము మీదనే నిలిచెను.

1835 ఫిబ్రవరి 1 వ తేదీన మారిషస్‌లో బానిసత్వము రద్దయినది. బ్రిటిషు ప్రభుత్వము యజమానులకు నష్టపరిహారముగా ఇరువది లక్షల పౌనులకు పైగా చెల్లించెను. బానిసలుగా నుండినవారికి ఒక్క కాసైనను ఇచ్చినది లేదు. నష్టపడినది ఎవరని ఆనాటి చట్టము తలచెనో దీనివలన తెలియుచున్నది. చెఱకు తోటలకు చేతులు కావలసి వచ్చెను. అంతకు కొన్ని నెలల ముందే, 1834 నవంబరు 2 వ తేదీన, 'అట్లాసు' అను ఓడ కలకత్తానుండి 36 మంది కూలీలను పోర్ట్ లూయీ రేవున దించినది. మనము ఏటేట జరుపుకొను ఆ దినము అదియే.

తెలుగునాట ఆ సమయమున స్థితి యెట్టిదో మఱువరాదు. నందననామ సంవత్సరపు కఱవు, అనగా 1832, 33 సంవత్సరములలో గుంటూరు మండలమును శ్మశానము గావించిన డొక్కల కఱవు, అప్పుడే గడచినది. గోదావరికి ఆనకట్ట లేదు. అది 1852 లో గాని పూర్తి కాలేదు. అట్టి సీమలో రేవు చెంత ఒక మేస్త్రీ నిలిచి నెలకు ఐదు రూపాయలు, బియ్యము, పప్పు, బట్ట ఇత్తుమని చెప్పినప్పుడు, 'ఇష్టపడి' వచ్చితిమన్న మాటకు అర్థమేమి? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము.

1837 లో కలకత్తాయందలి ప్రభుత్వము ఐదవ ఆక్టును చేసినది. ఆ యేడాది చివరనే అది కుంపిణీ యేలుబడిలోని తక్కిన సీమలకును వర్తింపజేయబడెను. వలస పోవు ప్రతి మనుష్యుడును, అతనిని పంపు ఏజెంటును ప్రభుత్వోద్యోగి యెదుట నిలువవలెను. ఒడంబడికలోని షరతులు కూలివానికి చదివి వినిపింపవలెను. ఐదేండ్ల గడువు, తిరుగు ప్రయాణపు ఏర్పాటు, కాగితము మీద స్పష్టముగా నుండవలెను. చదివినప్పుడు మంచి చట్టముగానే తోచును. దానియందలి లోపము ఒక్కటే. ఆ ఉద్యోగి అడుగవలసిన ప్రశ్న 'నీవు ఇష్టపడి పోవుచున్నావా?' అనునది మాత్రమే. 'అవును' అని కూలివాడు చెప్పగానే చట్టము పని తీఱినది. ఆ 'అవును' ఎచ్చట, ఎవరిచేత, ఏ మాటలతో తయారు చేయబడినదో అడుగు అధికారము గాని, అడుగవలెనను విధి గాని అతనికి లేదు.

ఆఱు నెలల జీతము ముందుగా ఇచ్చుట ఆనాటి ఆచారము. ముప్పది రూపాయలన్నది పల్లెకూలివాడు ఒక్కమాఱుగా కన్నులజూడని మొత్తము. కాని ఓడ యెక్కు లోపల దానినుండి దఫేదారు పాలు, దారిబత్తెము, బట్టల ఖర్చు, మఱి యేవేవో తీసివేయబడెడివి. పైగా తిరుగు ప్రయాణమునకని నెలకొక రూపాయి జీతమునందు పట్టుకొనెడివారు. ఈ విధముగా కూలివాడు తోటలో తొలిదినము గునపము పట్టక మునుపే ఋణస్థుడై యుండెను. తీర్చుటకు పని చేయవలెను. పని మానిన నేరస్థుడగును. నేటి చట్టములు దీనినే ఋణదాస్యమని పిలుచుచున్నవి. ఆనాడు దీనికి అడ్వాన్సు అని పేరు.

ఇంగ్లండులో బానిసత్వ నిర్మూలన కొఱకు పోరాడినవారు ఇది చూచి ఊరకుండలేదు. 1838 లో బ్రౌహాము ప్రభువు లార్డ్సు సభలో దీనిని ఖండించెను. ఆ యేడే కలకత్తా పౌరులు సభ చేసి విచారణ కోరగా, ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. అందు డికెన్సు, రసమయ దత్తు మొదలగువారు సభ్యులు. మారిషస్ నుండి తిరిగి వచ్చిన కూలీలను పిలిపించి వారి నోటనే సాక్ష్యము తీసికొనుట ఆ సంఘము చేసిన ఘనకార్యము. కూలీలలో పలువురు మోసపు మాటలచేత కలకత్తాకు తేబడిరనియు, ఓడ యెక్కువఱకు కాపలాలో నుంచబడిరనియు, ముందుగా ఇచ్చిన సొమ్మును మధ్యవర్తులు కాజేసిరనియు సంఘములోని అధికసంఖ్యాకులు తేల్చిరి. గ్రాంటు అను సభ్యుడు మాత్రము విభేదించి, వలసను నిషేధింపరాదనియు, కట్టుదిట్టములతో సాగనీయవలెననియు వేఱుగా వ్రాసెను. నిజము చెప్పవలెనన్న, తరువాత జరిగినదంతయు గ్రాంటు వ్రాసిన దారినే నడచినది.

విచారణ ముగియక మునుపే, 1839 మే నెలలో, కూలీల వలస యావత్తును నిషేధించు ఆక్టు వెలువడెను. కూలివానిని విదేశమునకు పంపువానికి జుల్మానా గాని చెఱసాల గాని శిక్ష. ఆ నవంబరులోనే ఘోరమైన తుపాను, ఉప్పెన కోరంగిని ముంచివేసి, రేవును, ఓడలను, లెక్కకు మించిన ప్రాణములను హరించెను. చట్టము మూసిన రేవును సముద్రము కూడ మూసినట్లయినది. ఇంతటిలో ఇంగ్లండున వలస రాజ్యముల మంత్రి జాన్ రస్సెలు ప్రభువు, 1840 లో, ఈ పద్ధతి క్రొత్త రూపము దాల్చిన బానిసత్వమునకు దారి తీయునేమో యని భయపడుచు వ్రాసెను. ఆ మాట నేటికిని చరిత్రకారుల నోట నిలిచి యున్నది.

కాని చక్కెర ధర మాట చెల్లక మానదు. 1842 లో మారిషస్‌కు మాత్రము వలస తిరిగి అనుమతింపబడెను. ఈ మాఱు ఒక క్రొత్త పదవి సృష్టింపబడినది. దాని పేరు 'ప్రొటెక్టరు', అనగా రక్షకుడు. మారిషస్‌లో దిగు రేవునందు రక్షకుడు, హిందూదేశమున ఎక్కు రేవులందు రక్షకులు. పోర్ట్ లూయీలో మొట్టమొదట ఈ పదవి నలంకరించినవాడు చార్లెస్ ఆండర్సన్. రక్షణకు ఒక మనుష్యుని, ఒక కచేరిని, ఒక జీతమును ఏర్పఱచుట ఇదియే తొలిసారి. ఇందుకు ఆనాటి ప్రభుత్వమును మెచ్చుకొనవలసినదే.

1843 లో ఒక్క యేటనే 30,000 లకు మించి కూలీలు ఇచ్చట దిగిరి. అందు స్త్రీలు చాల తక్కువ. తెలుగువారును ఆ యేడు కోరంగినుండి ఓడలలో వచ్చిరి. కాని ఆ జనప్రవాహమునందు చట్టపు కట్టుదిట్టములు కొట్టుకొనిపోగా, ప్రభుత్వము 1844 మొదలు వలసను కలకత్తా రేవునకే పరిమితము చేసినది. చిన్న రేవులలో పర్యవేక్షణ కుదరదనుట దానికి కారణము. శతాబ్ది నడుమ గాని మద్రాసు తిరిగి తెఱువబడలేదు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలముల వారికి తమ తీరపు రేవు కొన్నినాళ్లు మాత్రమే తలుపు తెఱచినను, ఆ పేరు మాత్రము శాశ్వతముగా అంటుకొనినది. ఈ దీవియందు తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచిరి. అది ఎవరి ఊరి పేరును కాదు, కులము పేరును కాదు. ఓడ యెక్కిన చోటు పేరు. సరకు మూటల మీద రేవు పేరు వ్రాయుట వర్తకుల ఆచారము.

1849 లో ట్రూ ఫాన్ఫరోన్ చెంత వలసవారి డిపో నిర్మింపబడినది. మనము నేడు ఆప్రవాసీ ఘాట్ అని పిలుచు, 2006 లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపబడిన చోటు అదియే. ఆ పదునాఱు మెట్లు ఎక్కి వచ్చినవారికి రక్షకుని కచేరియే తొలుత కనబడెడిది. అదే కాలమున వారి హక్కులు ఒక్కొక్కటిగా తఱిగిపోవుచుండెను. 1842 నాటి తొలి నిబంధనలలో ఒక సంవత్సరముగా నున్న ఒడంబడిక గడువు 1849 లో మూడేండ్లయినది. 1862 లో ఐదేండ్లయినది. ఉచితమైన తిరుగు ప్రయాణపు హక్కు 1850 ల తొలి సంవత్సరములలోనే పోయినది. ఒక దినము పనికి రానివానికి రెండు దినముల కూలి కోయు 'రెట్టింపు కోత' మాత్రము స్థిరముగా నిలిచెను. జ్వరముతో పడియున్నవాడు పది దినములు పని మానిన, ఇరువది దినముల కూలి పోవును. ఈ లెక్క చట్టబద్ధము. కూలివానిని దోచుటకు దొంగతనము చేయ నక్కఱలేకుండెను.

ఒక్క సందర్భమున మాత్రము హిందూదేశ ప్రభుత్వము నిజమైన రక్షకుని వలె ప్రవర్తించినది. 1856 జనవరిలో కలకత్తానుండి వచ్చిన రెండు ఓడలలో కలరా పుట్టగా, వాటిలోని వారిని గేబ్రియెల్ దీవిలో దించిరి. తగిన గుడిసెలు లేవు, మందులు లేవు. 284 మంది అచ్చటనే మరణించిరి. ఈ వార్త చేరగా కలకత్తా ప్రభుత్వము మారిషస్‌కు వలసను ఆపివేసినది. తరువాతి యేట, ఏర్పాట్లు బాగుచేయుదుమని హామీ పొందిన పిదపనే, తిరిగి సాగనిచ్చినది. తోటల యజమానులకు మాటలకంటె ఓడలు ఆగుట బాగుగ అర్థమయ్యెను.

1861 నాటికి ఈ దీవి జనాభాలో మూడింట రెండువంతులు హిందూదేశమునుండి వచ్చినవారే. వారిలో ఒడంబడిక గడువు తీఱినవారు నానాటికి పెరుగుచుండిరి. వారు కూరగాయలు పండించుకొనుచు, పాలు అమ్ముకొనుచు, చిన్న చిన్న పనులు చేసికొనుచు స్వేచ్ఛగా బ్రదుకజూచిరి. ప్రభుత్వ భాషలో వీరి పేరు 'పాత వలసవారు'. తోటల యజమానుల భాషలో వీరు సోమరులు, దేశదిమ్మరులు. వీరిని తిరిగి తోటలకు మళ్లించుటకై 1867 లో 31 వ ఆర్డినెన్సు పుట్టినది.

ఈ ఆర్డినెన్సును కొంచెము వివరముగ చెప్పవలెను. ఏలయన రక్షణ యను పేరు బంధనముగా మాఱుట దీనియందు స్పష్టముగా కనబడును. ప్రతి పాత వలసవాడును తన ఛాయాచిత్రము అంటించిన టిక్కెట్టును ఎల్లప్పుడు దగ్గఱ నుంచుకొనవలెను. దానితో పాటు తాను నివసించు జిల్లా పోలీసు పాసు కూడ ఉండవలెను. ఒక జిల్లానుండి మఱియొక జిల్లాకు పోయినవాడు టిక్కెట్టు చూపలేకున్న దేశదిమ్మరిగా పట్టుబడును. వానలో తడిసి చినిగినను, దొంగ యెత్తుకొని పోయినను, క్రొత్త టిక్కెట్టునకు ఒక పౌను రుసుము. అది నెల కూలిని మించిన మొత్తము. పోలీసులు దారులు కాచి, గుడిసెలు చుట్టుముట్టి మనుష్యులను పట్టుకొనిన తీరును ఆనాటివారు వేటతో పోల్చిరి. ఆ యేండ్లలోనే మలేరియా జ్వరము దీవియందు వేలకొలది ప్రాణములు తీయుచుండెను. చెల్లెలిని చూడబోయినవాడును, బంధువును పూడ్చి తిరిగి వచ్చువాడును టిక్కెట్టు లేనిచో నేరస్థుడే. ఈ టిక్కెట్లను ఇచ్చు కచేరి ఏది? రక్షకుని కచేరియే. అన్యాయము జరిగినదని మొఱపెట్టుకొనవలసిన గుమ్మమే రుసుము పుచ్చుకొను గుమ్మమయ్యెను.

ఈ సంకటమున కూలీల పక్షమున నిలిచినవాడు అడాల్ఫ్ ద ప్లెవిట్జ్. జన్మస్థానము పారిస్, వంశము జర్మను. నూవెల్ దెకువెర్త్ వద్ద తన మామగారి తోటను చూచుకొనుచుండెను. యజమానుల వర్గములోని వాడే. కాని తన తోటలోని పాత వలసవారికి పోలీసులు చేయు బాధ కన్నులార చూచి సహింపలేకపోయెను. రాజరత్నం మొదలియారు అను తమిళ సోదరుని సహాయముతో వారి బాధలను ఒక అర్జీగా వ్రాయించి, ఊరూర తిరిగి చేవ్రాళ్లు సేకరించెను. 9,401 మంది ఆ అర్జీలో చేరిరి. 1871 జూను 6 వ తేదీన అది గవర్నరు సర్ ఆర్థర్ గోర్డనుకు సమర్పింపబడెను. చదువురాని వారు, టిక్కెట్టు లేనిదే గడప దాటజాలని వారు, తొమ్మిదివేల నాలుగువందల మంది ఒక్క కాగితము క్రింద నిలుచుటకు ఎంత ధైర్యము కావలెనో ఆలోచింపుడు. వారి పేర్లు మన బడిపిల్లలు నేర్చుకొను చరిత్రలో లేవు. ప్లెవిట్జ్ పేరు ఉన్నది; అది న్యాయమే. కాని ఆ తొమ్మిదివేల మందిని గూర్చి మనము చాలినంత చెప్పుకొనుట లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

యజమానుల కోపము పెల్లుబికినది. ప్లెవిట్జ్‌ను దీవినుండి వెడలగొట్టుడని తొమ్మిదివందలకు పైగా జనులు గవర్నరుకు ఎదురర్జీ పెట్టిరి. పోర్ట్ లూయీ వీథిలో పట్టపగలు అతనిని కొట్టిరి. గోర్డను మాత్రము చలింపక ముందు పోలీసుల ప్రవర్తనపై విచారణ జరిపించి, పిదప లండనునుండి రాజకీయ విచారణ సంఘమును కోరెను. బొంబాయి సివిల్ సర్వీసులో పనిచేసిన విలియం ఎడ్వర్డ్ ఫ్రేరు, విక్టర్ విలియమ్సన్ అను ఇద్దఱు 1872 లో వచ్చి తోటలు తిరిగిరి. 1875 లో వారి నివేదిక వెలువడెను. కూలి నెలల తరబడి బాకీ పడుట, రెట్టింపు కోతను విచ్చలవిడిగా వాడుట, తోటల ఆస్పత్రుల దురవస్థ, పాసుల పేర పోలీసుల దౌర్జన్యము అన్నియు అందు వ్రాయబడినవి. రక్షకుడు రక్షింపలేదని కూడ వారు దాపఱికము లేకుండ వ్రాసిరి. తత్ఫలితముగా 1878 లో కార్మిక చట్టము తిరిగి వ్రాయబడి, కూలి చెల్లింపుల మీదను, తోటల తనిఖీ మీదను కొంత అదుపు ఏర్పడినది. రెట్టింపు కోత అప్పటికిని పోలేదు. ఇరువదవ శతాబ్ది రావలసి వచ్చెను.

తక్కిన కథ త్వరగా చెప్పవచ్చును. 1901 లో గాంధీజీ దక్షిణాఫ్రికానుండి స్వదేశమునకు పోవుచు ఇచ్చట కొన్ని వారములు ఆగెను. 1907 లో మణిలాల్ డాక్టరు వచ్చి న్యాయస్థానములలో కూలీల పక్షమున వాదించి, 1909 లో 'హిందుస్థానీ' పత్రికను స్థాపించి, ఆ యేటి రాజకీయ విచారణ సంఘము నెదుట సాక్ష్యమిచ్చెను. 1910 లో ఒడంబడిక కూలీల రాక ఆగిపోయెను. హిందూదేశమున గోఖలే, మాలవీయ పండితుడు శాసనసభలో చేసిన పోరాటము ఫలితముగా 1917 లో ఈ పద్ధతి అన్ని దేశములకును నిలుపబడెను. 1922 నాటి హిందూదేశ వలస చట్టము, శాసనసభ సమ్మతి లేనిదే నైపుణ్యము లేని కూలీలను విదేశమునకు పంపరాదని విధించెను. ఆ చట్టము క్రింద కొందఱు ఇచ్చటికి వచ్చినను, 1925 లో కున్వర్ మహారాజ్ సింగ్ తన నివేదికలో ఇక పంపవలదని సలహా యిచ్చెను. 1937 నాటి తోటల అలజడుల పిదప, 1938 లో రక్షకుని పదవి రద్దయి కార్మిక శాఖ ఏర్పడినది. తొంబదియాఱు సంవత్సరములు నిలిచిన కచేరి!

ఇచ్చట మన పెద్దలలో తఱచు జరుగు వాదమును ప్రస్తావింపక తప్పదు. 'మా తాత బానిస కాడు. ఇష్టపడి వచ్చెను, కష్టపడి భూమి కొనెను' అని కొందఱు అందురు. 'అందఱును మోసపోయి వచ్చినవారే' అని మఱికొందఱు. రికార్డులు ఉభయులను సమర్థించుచున్నవి. వచ్చిన నాలుగున్నర లక్షల మందిలో సుమారు మూడవవంతు తిరిగి పోయిరి. పోయినవారిలో కొందఱు సర్దారులై తమ ఊరివారిని, బంధువులను వెంట బెట్టుకొని మరల వచ్చిరి. వీరిని వంచితులనుట వారి తెలివిని, సాహసమును అవమానించుటయే. కాని ఇష్టపడి ఓడ యెక్కినవాడు కూడ రెట్టింపు కోతకు, టిక్కెట్టు వేటకు ఇష్టపడి రాలేదు గదా! స్త్రీల విషయము మఱియు దుఃఖకరము. ఓడలో ఇంతమంది స్త్రీలు ఉండవలెనని నిబంధన పెట్టగా, ఆ లెక్క నింపుటకు దిక్కులేని స్త్రీలను, వితంతువులను రేవులకు చేర్చిన మధ్యవర్తులు ఉండిరి. స్త్రీల మేలు కొఱకు చేసిన నియమమే వారిని సరకుగా మార్చినది.

కనుక ఇష్టమున్నదా లేదా అను ప్రశ్న చాలదు. ఇది లోకమునకు తెలియుటకు చాలకాలము పట్టినది. 2000 సంవత్సరమున ఐక్యరాజ్య సమితి అంగీకరించిన పలెర్మో ఒప్పందము, మనుష్యుని చేర్చుకొనుట, తరలించుట, ఉంచుకొనుట అను పనులలో బెదిరింపు, బలాత్కారము, మోసము, అధికార దుర్వినియోగము, లేదా ఆ మనుష్యుని నిస్సహాయస్థితిని వాడుకొనుట ఉన్నయెడల, అది దోపిడి కొఱకు జరిగినయెడల, బాధితుని సమ్మతి లెక్కకు రాదని నిర్ణయించినది. ఈ 'నిస్సహాయస్థితి' అను మాటను చదివినప్పుడు డొక్కల కఱవు జ్ఞప్తికి రాక మానదు. మారిషస్ 2003 లో ఈ ఒప్పందములో చేరినది. 2005 లో బాలల అక్రమ రవాణాను శిక్షించు సవరణ చేసినది. 2009 లో పెద్దలకును వర్తించు సమగ్రమైన చట్టము తెచ్చి, 15 సంవత్సరముల వఱకు ఖైదు విధించినది.

శిక్షకంటె గమనింపదగినది బాధితుని గూర్చిన భాగము. వారికి ఆశ్రయమును, సంరక్షణయు ఇచ్చు కేంద్రములకు చట్టమునందు చోటు కలదు. నేరస్థునిపై సాక్ష్యమిత్తునో లేదో నిర్ణయించుకొనుటకు పరదేశీయుడైన బాధితుడు 42 దినముల వఱకు దేశమున నిలువ వచ్చును. నష్టపరిహారమునకు మార్గము చూపబడినది. 1835 లో పరిహారము ఎవరికి పోయినదో పైన చెప్పితిమి. 1867 లో దారి తప్పిన పరదేశీయుడు దేశదిమ్మరి. 2009 లో అతడు ఆలోచించుకొనుటకు గడువు పొందదగిన మనుష్యుడు. ఈ రెండు చట్టములను ప్రక్క ప్రక్కన ఉంచి చదువుట మన యువకులకు మంచి పాఠము. ఈ చట్టము 2023 లో మఱల సవరింపబడినది. 2009 నాటికే మఱియొక చట్టము ననుసరించి సత్య న్యాయ సంఘము కూడ నియమింపబడి, బానిసత్వము, ఒడంబడిక కూలి పద్ధతి మిగిల్చిన ఫలితములను విచారించి 2011 లో నివేదిక యిచ్చెను. పాతగాయమును విచారించుటయు, క్రొత్తగాయమును ఆపుటయు ఈ దేశము ఒక్క సమయముననే తలపెట్టినది.

మాతృదేశమునను చట్టము నడచుచునే యున్నది. 1950 నాటి రాజ్యాంగము 23 వ అధికరణములో మనుష్య విక్రయమును, వెట్టిని నిషేధించినది. 1860 నాటి శిక్షాస్మృతిలో బానిసలను గూర్చి మాత్రమే పలికిన 370 వ సెక్షను 2013 లో అక్రమ రవాణా నిర్వచనముతో తిరిగి వ్రాయబడినది.

నేడు మన దీవియందు బట్టల మిల్లులలోను, కట్టడపు పనులలోను బంగ్లాదేశమునుండి, హిందూదేశమునుండి, నేపాలునుండి, మడగాస్కరునుండి వచ్చిన శ్రామికులు వేలకొలది పనిచేయుచున్నారు. వారిలో ఎక్కువమంది చక్కని యజమానుల క్రిందనే యుండవచ్చును. కాని ఊరిలో మధ్యవర్తికి అప్పు చేసి రుసుము చెల్లించి వచ్చినవారును, చెప్పిన జీతమొకటి, చేతికందినది మఱియొకటి అయినవారును, పాసుపోర్టు యజమాని బీరువాలో నున్నవారును ఉన్నారని పరిశీలకులు ఏటేట వ్రాయుచున్నారు. మధ్యవర్తి రుసుము ఆనాటి దఫేదారు పాలునకు మనుమడు. బీరువాలోని పాసుపోర్టు 1867 నాటి టిక్కెట్టునకు తలక్రిందులైన రూపము. ఆనాడు కాగితము దగ్గఱ లేకున్న నేరము. నేడు దగ్గఱ లేకుండ చేయుట బంధనము.

మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో వలసవారి రికార్డులు భద్రముగా నున్నవి. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఊరు, ఓడ, సంఖ్య, కొందఱి ఛాయాచిత్రములు. మన కుటుంబములలో పలువురు తమ పూర్వుల ఊరి పేరు అచ్చటనే తెలిసికొనిరి. ఇంకను వెదకని వారు తమ యింట మిగిలియున్న పాత టిక్కెట్టు గాని, సంఖ్య గాని తీసికొని పోయినచో పని సులభమగును.

కార్మిక మంత్రిత్వ శాఖలో వలస శ్రామికుల కొఱకు ప్రత్యేక విభాగమొకటి కలదు; ఒడంబడికలను, నివాసములను పరిశీలించుట దాని పని. సింహాద్రి అప్పన్న పూజకో, అమ్మోరు పండుగకో, రామభజనకో మన గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చుండు క్రొత్త ముఖములు మనకు కనబడుచునే యున్నవి. ప్రసాదము చేతిలో పెట్టునప్పుడు ఏ ఊరని అడిగినచో చెప్పుదురు. జీతము అందుచున్నదా, పాసుపోర్టు ఎవరివద్ద నున్నది అని కూడ అడుగవచ్చును. చిక్కు కనబడినచో ఆ విభాగమునకు గాని పోలీసువారికి గాని తెలుపుటకు గుడి కచేరిలో ఎవరైనను తోడు పోవుదురు.